డీజిల్ అయిపోయి ఇంజన్ ఆగిపోతే: ట్రాక్టర్, ఆయిల్ ఇంజన్, జనరేటర్ ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాట్ల రోజుల్లో, వరికోతల రోజుల్లో నా ఫోన్‌కు వచ్చే కాల్స్‌లో సగం ఇవే. "అన్నా, డీజిల్ అయిపోయింది. తెచ్చి పోసినం. అయినా స్టార్ట్ అయితలేదు." దేవరకొండ రోడ్డు మీద షెడ్డు పెట్టుకొని డీజిల్ బండ్లు బాగుచేస్తూ చాలా ఏళ్లు గడిచాయి. ఒకే జవాబును ఫోన్లో వందసార్లు చెప్పే బదులు ఒక్కచోట రాసిపెడితే మీకూ మెకానిక్ ఖర్చు తప్పుతుంది, నాకూ మధ్యాహ్నం ముద్ద దిగుతుంది.

డీజిల్ పోశాక కూడా ఎందుకు స్టార్ట్ కాదు? పెట్రోల్ బండికి ఈ బాధ లేదు కదా?

లేదు. మోటార్ సైకిల్‌లో పెట్రోల్ అయిపోతే అర లీటరు పోసి నాలుగు కిక్కులు కొడితే చాలు. డీజిల్ ఇంజన్ సంగతి వేరు. ట్యాంకు ఖాళీ అయ్యాక కూడా ఇంజన్ కొన్ని క్షణాలు తిరుగుతుంది. ఆ కాస్త సేపట్లో డీజిల్‌కు బదులు గాలిని పీల్చేస్తుంది. ఆ గాలి పైపుల్లో, ఫిల్టర్లలో, డీజిల్ పంపులో చేరి కూర్చుంటుంది. దీన్నే మనం ఎయిర్ పట్టింది అంటాం.

బావి మీద మోటారు పెట్టినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఫుట్‌వాల్వు కారి పైపులో నీళ్లు దిగిపోతే, స్విచ్ వేసినా మోటారు ఊరికే తిరుగుతుంది, చుక్క నీరు రాదు. మీద నుంచి నీళ్లు పోసి, గాలి బయటికి పంపాకే నీళ్లు ఎక్కుతాయి. ఇక్కడా అంతే. కాకపోతే డీజిల్ ఇంజన్‌లో ఇంకో చిక్కు ఉంది. నాజిల్, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే మూతి, తెరుచుకోవాలంటే దాని మీద సుమారు 200 బార్ల ఒత్తిడి పడాలి. ట్రాక్టర్ ముందు టైరులో ఉండే గాలికి అది దాదాపు వంద రెట్లు. డీజిల్ నలగదు, పంపు తోసిన తోపంతా నేరుగా నాజిల్‌కు చేరుతుంది. గాలి అలా కాదు, స్ప్రింగులా నలిగి మళ్లీ లేస్తుంది. పంపు ఎంత తోసినా ఆ తోపును గాలే మింగేస్తుంది, నాజిల్ తెరుచుకోదు.

ఆగిన వెంటనే ఏం చేయాలి?

సెల్ఫ్ కొట్టడం ఆపాలి. నా దగ్గరికి వచ్చే కేసుల్లో డీజిల్ వల్ల వచ్చిన నష్టం కన్నా ఈ సెల్ఫ్ వల్ల జరిగిన నష్టమే ఎక్కువ. టెన్షన్‌లో తాళం తిప్పుతూనే ఉంటారు, పది నిమిషాల్లో బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ మోటారు వాసన వస్తుంది. అప్పుడు డీజిల్ సమస్య ఒకటి, బ్యాటరీ సమస్య ఒకటి, రెండవుతాయి. ఒక్కోసారికి పది పదిహేను సెకన్లకు మించి కొట్టకండి, మళ్లీ కొట్టే ముందు ఒక నిమిషం ఆగండి.

తర్వాత బండిని న్యూట్రల్ చేసి, రోటవేటర్‌ను తిప్పే పీటీఓ గేరు తీసేసి, హ్యాండ్ బ్రేక్ వేయండి. రోటవేటర్ నేల మీదికి దించండి. వీలైతే చదునైన చోటికి చేర్చండి. ఇంజన్ ఆపే నాబ్ ఒకటి ఉంటుంది చూడండి, అది బయటికి లాగి ఉందా అని ఒకసారి చూసుకోండి. నవ్వకండి. ఒకసారి రాత్రి పదింటికి ఫోన్ వస్తే డిండి అవతలి ఊరికి బండేసుకొని పోయాను. ముగ్గురు మనుషులు గంటన్నర నుంచి ఎయిర్ తీస్తున్నారు. ఆ నాబ్ లోపలికి నొక్కాను, ఇంజన్ అందుకుంది. చార్జీలు అడగడానికి నాకే సిగ్గేసింది, వాళ్లకు ఇంకా ఎక్కువ సిగ్గేసినట్టుంది, టీ పోసి పంపారు.

ఎంత డీజిల్ పోయాలి? లీటరు సీసా సరిపోతుందా?

సరిపోదు. ఖాళీ అయిన పైపులు, ఫిల్టర్ గిన్నెలు నిండడానికే లీటరుకు అటూ ఇటూగా పోతుంది. పైగా ట్యాంకులో డీజిల్ పీల్చే గొట్టం అడుగుకు కాస్త పైన ఉంటుంది కాబట్టి ఆ కింద ఉన్నది మీకు అక్కరకు రాదు. కనీసం పది లీటర్లు పోయండి. బండి ఒరిగి ఉంటే ఇంకా ఎక్కువ. పోసేటప్పుడు గరాటలో జాలీ గానీ పలుచటి శుభ్రమైన బట్ట గానీ పెట్టండి. పొలంలో దుమ్ము చేతిలో, డబ్బా మూతిలో, గాలిలో కూడా ఉంటుంది.

ఎయిర్ ఎలా తీయాలి? ఒక్కొక్కటిగా చెప్పండి.

ముందు డీజిల్ వెళ్లే దారి తెలియాలి. ట్యాంకు, అక్కడి నుంచి నీళ్లు దిగే గిన్నె, తర్వాత ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, ఒకటో రెండో ఫిల్టర్లు, ఆ తర్వాత ఒత్తిడితో తోసే డీజిల్ పంపు, చివరికి సన్నటి ఇనుప పైపుల మీదుగా నాజిళ్లు. ఎయిర్ కూడా ఈ వరసలోనే తీయాలి. నాజిల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తే సాయంత్రం దాకా తీస్తూనే ఉంటారు.

ట్యాంకు కింద కాక్ ఉంటే తెరవండి. ఫిల్టర్ మీద చిన్న బోల్టు ఉంటుంది, దాన్ని రెండు మూడు చుట్లు వదులు చేయండి, పూర్తిగా ఊడదీయకండి. ఆ బోల్టు బురదలో పడితే దాన్ని వెతకడానికి పట్టే సమయం ఎయిర్ తీయడానికి కూడా పట్టదు. బోల్టు కింద ఒక పాత డబ్బా, చుట్టూ ఒక గుడ్డ పెట్టండి. ఇప్పుడు ఫీడ్ పంపుకు ఉన్న చేతి పంపు కొట్టండి. మొదట ఏమీ రాదు. తర్వాత ఉమ్మినట్టు నురగ వస్తుంది, తర్వాత డీజిల్, బుడగలు కలిసి వస్తాయి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. డీజిల్ కనబడగానే బిగించేస్తారు. బుడగ ఒక్కటి కూడా లేకుండా, తైలధారలాగా వచ్చేదాకా కొట్టాలి. అలా వస్తూ ఉండగానే, పంపు కొట్టడం ఆపకుండా, రెండో మనిషి బోల్టు బిగించాలి. రెండో ఫిల్టర్ ఉంటే దానికీ ఇలాగే చేయండి.

ఆ తర్వాత డీజిల్ పంపు మీద ఉన్న ఎయిర్ బోల్టు. దీనికీ అదే పద్ధతి. చాలా బండ్లు ఇక్కడికే లొంగుతాయి. అప్పుడు యాక్సిలేటర్ సగం పైకి పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడండి.

ఇంకా అందుకోకపోతే నాజిళ్ల దగ్గర సన్నటి పైపుల నట్లు ఒక్కో చుట్టు వదులు చేయండి. సాధారణంగా 17 లేదా 19 నంబరు పానా పడుతుంది. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, ఇంకొకరు దూరంగా నిలబడి చూడాలి. నట్టు దగ్గర నుంచి డీజిల్ ఉబికి ఉబికి వస్తే ఆ నాజిల్‌ది అయినట్టు. సెల్ఫ్ ఆపి, బిగించి, తర్వాతి దానికి వెళ్లండి. మూడు సిలిండర్ల బండిలో రెండు నాజిళ్లు సరిగ్గా అయితే చాలు, ఇంజన్ దగ్గుతూ తుమ్ముతూ లేస్తుంది, మూడోది దానంతట అదే సర్దుకుంటుంది. లేచాక ఐదు నిమిషాలు లోడు లేకుండా వదిలేయండి. తెల్లటి పొగ వస్తే భయపడకండి, అది తగ్గిపోతుంది. చివరగా అన్ని బోల్టులు తుడిచి, ఎక్కడైనా కారుతోందేమో చూడండి. ముఖ్యంగా వేడి సైలెన్సర్ మీద డీజిల్ పడకూడదు, అంటుకుంటుంది. ఈ పనంతా అయ్యేదాకా పక్కన బీడీ తాగేవాళ్లను దూరంగా పంపండి, మామయ్య అయినా సరే.

చేతి పంపు గట్టిగా బిగుసుకుపోయింది, కదలడం లేదు. ఏం చేయాలి?

పాడైందని అనుకోవద్దు. ఇంజన్ ఆగిన చోట లోపలి క్యామ్ ఆ పంపును ఎత్తిపట్టి ఉండొచ్చు. సెల్ఫ్‌ను ఒక్క చిటికె కొట్టి ఇంజన్‌ను కాస్త తిప్పండి, పంపు వదులవుతుంది. అలా కాకుండా చేతి పంపు దూదిలా మెత్తగా ఆడుతూ, ఎంత కొట్టినా డీజిల్ రాకపోతే లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) గానీ వాల్వులు గానీ పోయినట్టు.

గంట నుంచి కొడుతున్నాం, బుడగలు ఆగడం లేదు.

అంటే గాలి ఎక్కడి నుంచో లోపలికి వస్తూనే ఉంది. నిజానికి ఇదే అసలైన మెకానిక్ ప్రశ్న. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉన్న పైపు పీల్చే వైపు పైపు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. బయట తడి లేదు కాబట్టి బాగానే ఉందని మనం మోసపోతాం. ఎండకు పగిలిన రబ్బరు పైపు, వదులైన క్లిప్పు, గిన్నె కింద నలిగిన రబ్బరు రింగు, పాతబడిన రాగి వాషర్, ఎక్కువ సార్లు ఈ నాలుగింటిలో ఒకటే. నల్లగొండ ఎండల్లో రబ్బరు ఎంతకాలం ఉంటుందో మీకు నేను చెప్పాలా?

అనుమానం తీర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఒక శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, ట్యాంకు కన్నా ఎత్తులో పెట్టి, కొత్త పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు ఇవ్వండి. బుడగలు ఆగితే తప్పు ట్యాంకుకూ పంపుకూ మధ్యలోనే ఉంది. ఆగకపోతే పంపులోనో ఫిల్టర్ దగ్గరో ఉంది. రాగి వాషర్లు ఖరీదైనవి కావు. విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయండి.

ట్యాంకులో డీజిల్ ఉంది. అయినా అరగంట నడిచి, డీజిల్ అయిపోయినట్టే ఆగుతోంది.

ట్యాంకు మూత తీసి చూడండి. తీయగానే స్‌స్‌ అని గాలి పీల్చిన శబ్దం వస్తే దొరికినట్టే. మూతకు ఉండే చిన్న గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయింది. డీజిల్ దిగుతున్న కొద్దీ దాని చోటులోకి గాలి రావాలి, రాకపోతే పంపు లాగలేదు. కరిగెట చేసిన బండ్లలో ఇది మామూలు. సన్నటి తీగతో పొడిస్తే పోతుంది. మూత పోయిందని పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసినవాళ్లకూ ఇదే జరుగుతుంది.

మూత బాగుంటే గిన్నెలో నీళ్లు, ఫిల్టర్‌లో చెత్త చూడండి.

ఇంకో ట్రాక్టర్‌తో లాగి స్టార్ట్ చేయొచ్చా?

ఎయిర్ తీయకుండా లాగితే మిర్యాలగూడ దాకా లాగినా స్టార్ట్ కాదు.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర కాస్త డీజిల్ గానీ పెట్రోల్ గానీ పోస్తే? స్టార్టింగ్ స్ప్రే కొడితే?

వద్దు. సిలిండర్‌లోకి ద్రవం చేరితే పిస్టన్ దాన్ని నలపలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. స్ప్రేతో, పెట్రోల్‌తో ఇంజన్ ఒక్కసారి గట్టిగా పేలినట్టు కొడుతుంది, పిస్టన్ పగలొచ్చు. ఎయిర్ పట్టిన ఇంజన్‌కు కావలసింది మంట కాదు, డీజిల్.

డీజిల్ దొరక్కపోతే కిరోసిన్ పోసి ఇంటిదాకా తీసుకురావచ్చా?

మా నాన్న కాలంలో చేసేవారు, నిజమే. కానీ డీజిల్ పంపులో డీజిల్‌ను తోసే భాగాలకు, నాజిళ్లకు జారుడు ఇచ్చేది డీజిలే. కిరోసిన్ పలుచన, జారుడు తక్కువ, పంపు అరుగుతుంది. పెట్రోల్ అయితే ఇంకా ప్రమాదం, మంట అంటుకునే భయం కూడా. పక్క పొలంలో ఆగిన ట్రాక్టర్ ట్యాంకు నుంచి, ఆయన ఒప్పుకుంటే, పది లీటర్లు తీసుకోండి. మన ఊళ్లల్లో కాదనేవాళ్లు తక్కువ. కానీ పైపు పెట్టి నోటితో పీల్చకండి. డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలవుతారు. పొరపాటున మింగితే వాంతి చేయించకండి, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

కొత్త ట్రాక్టర్లకూ ఇదే పద్ధతా?

50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో చాలావాటికి కామన్ రైల్ ఇంజన్లు, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే పైపు నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ ఇచ్చేవి, ఉంటాయి. అక్కడ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఆ ఇనుప పైపుల నట్లు మీరు విప్పకండి, విప్పనివ్వకండి. ఎలక్ట్రిక్ పంపు ఉంటే తాళం ఆన్ చేసి కొన్ని సెకన్లు ఆగి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి, ఇలా నాలుగైదు సార్లు. పంపు గుయ్ మనే శబ్దం వినబడుతుంది. ఫిల్టర్ మీద చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా కొట్టండి. అప్పటికీ లేవకపోతే కంపెనీ మెకానిక్‌ను పిలవడమే. నేను కూడా వీటిలో ఇంతకన్నా చేయి పెట్టను.

పైపు నుంచి చిమ్మిన డీజిల్ చేతికి తగిలింది. సూది గుచ్చినంతే ఉంది, నొప్పి లేదు.

నొప్పి లేకపోవడమే మోసం. అంత ఒత్తిడితో వచ్చిన డీజిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. కొన్ని గంటల తర్వాత వాపు వస్తుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావొచ్చు. పసుపు రాసి పడుకోకండి. ఆపరేషన్ చేసే పెద్ద ఆసుపత్రికి అదే గంటలో వెళ్లండి, "ప్రెషర్‌తో వచ్చిన డీజిల్ లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పండి. ఎక్కడ కారుతోందో చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి, చేయి కాదు.

బావి దగ్గరి పాత ఆయిల్ ఇంజన్‌కు ఎయిర్ ఎలా తీయాలి?

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆయిల్ ఇంజన్లు పాలమూరు వైపు కూడా పాకల్లో మూలకు చేరాయి. అయినా చెరువు నుంచో వాగు నుంచో తోడుకునేవాళ్లు ఇంకా వాడుతున్నారు, నెలల తర్వాత తీసినప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. ఇది అన్నిటికన్నా తేలిక. ట్యాంకు పైనే ఉంటుంది కాబట్టి డీజిల్ దానంతట అదే దిగుతుంది. ఫిల్టర్ దగ్గర బోల్టు వదులు చేసి బుడగలు పోయేదాకా ఆగండి, తర్వాత పంపు దగ్గర. ఆపైన సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. నాజిల్ దగ్గర కిర్రు కిర్రుమని శబ్దం వినిపిస్తే డీజిల్ పడుతున్నట్టు. ఆ శబ్దం వచ్చాకే వేగంగా తిప్పి లివర్ వదలండి. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి, చుట్టూ బిగించొద్దు. వెనక్కి కొడితే మణికట్టు విరుగుతుంది.

పెళ్లిలో జనరేటర్ ఆగింది. తొందరగా ఎలా?

పద్ధతి ట్రాక్టర్‌దే. తేడా ఏమిటంటే, ముందు మెయిన్ బ్రేకర్ దించాలి. ఏసీలు, లైట్లు, గ్రైండర్లు అన్నీ ఆన్‌లో ఉండగా స్టార్ట్ చేస్తే ఇంజన్ లేచి మళ్లీ కూలబడుతుంది. లేచాక ఐదు నిమిషాలు ఖాళీగా నడిపి అప్పుడు లోడు ఎక్కించండి. ఇంకో మాట, వానకు తడుస్తుందని జనరేటర్‌ను గదిలో పెట్టి తలుపు వేయొద్దు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది.

ఎన్ని గంటలు నడుస్తుందో ముందే ఎలా తెలుసుకోవాలి?

మీటరును నమ్మకండి, పాత బండ్లలో అది ముందు చచ్చేది. శుభ్రమైన చెక్క పుల్లకు గీతలు పెట్టుకోండి. నా లెక్కలో 45 హెచ్‌పీ బండికి రోటవేటర్ మీద గంటకు ఐదు నుంచి ఏడు లీటర్లు, కల్టివేటర్‌కు అంతకన్నా తక్కువ. ఐదు హెచ్‌పీ ఆయిల్ ఇంజన్‌కు గంటకు లీటరు పైచిలుకు. నేల, లోతు, డ్రైవర్ కాలు బట్టి మారుతుంది. ఒడ్డు ఎక్కేటప్పుడు, ఒరిగిన మడిలో పావు ట్యాంకు ఉన్నా గాలి పీల్చొచ్చు, డీజిల్ ఒక మూలకు పోతుంది కనుక. పని అయ్యాక రాత్రి ట్యాంకు నింపి పెట్టే అలవాటు మంచిది. ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గోడల మీద నీటి చెమట పడుతుంది, అదే తర్వాత గిన్నెలో నీళ్లయి చేరుతుంది.

శ్రీశైలం వెళ్లే జీపు, డీసీఎం వాళ్లకు మాత్రం ఒక్క మాట. కల్వకుర్తి, అచ్చంపేట వైపే ట్యాంకు నింపుకోండి. మన్ననూరు దాటితే నల్లమల, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూస్తారు. అడవిలో ఆగితే సాయం దొరకడం కష్టం, కింద దిగి బోల్టులు విప్పే చోటు కూడా కాదు.

ఇంట్లో డ్రమ్ములో డీజిల్ నిల్వ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. పెట్రోలియం చట్టం, 1934 ప్రకారం డీజిల్ మొత్తం 2,500 లీటర్ల లోపు ఉండి, ఏ ఒక్క పాత్రలోనూ 1,000 లీటర్లు మించకపోతే లైసెన్సు అక్కర్లేదు. రైతుకు ఒక 200 లీటర్ల డ్రమ్ము చాలు. నీడలో, వంటింటికి దూరంగా, మూత బిగించి పెట్టండి. ఆరు నెలలకు మించి ఉంచకండి. డ్రమ్ము అడుగు నుంచి తోడకుండా నాలుగు వేళ్లు పైన ఉన్నదే తీయండి, నీళ్లు, మడ్డి అడుగునే ఉంటాయి.

బంకులో తక్కువ పోశారని అనుమానం. నా లెక్క ప్రకారం ఇంకో గంట నడవాలి.

ముందు పైన చెప్పిన పుల్ల లెక్క సరిచూసుకోండి. అయినా అనుమానం ఉంటే బంకులో ఐదు లీటర్ల కొలత పాత్రతో చూపించమని అడగండి. అది మీ హక్కు, డబ్బులు కట్టక్కర్లేదు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను అనుమతిస్తారు, అంతకు మించితే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయండి. క్యాన్‌లో పట్టించుకొని "క్యాన్ నిండలేదు" అని గొడవపడితే లాభం లేదు, క్యాన్ మీద రాసిన ఇరవై లీటర్లు చాలాసార్లు ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి.